హెక్టారుకు ఏటా 2.29 టన్నుల కర్బనం: బ్లఫ్టన్ మేత భూముల లెక్క, మన ఎర్రనేలల్లో దాని వాడకం

అమెరికాలో జార్జియా రాష్ట్రపు నైరుతి మూలన, క్లే కౌంటీలో బ్లఫ్టన్ అనే చిన్న ఊరుంది. అక్కడి వైట్ ఓక్ పాశ్చర్స్ పొలం 1866 నుంచి హ్యారిస్ కుటుంబం చేతిలో ఉంది. పశువులను మేపి నేలలో కర్బనం నిల్వ చేయొచ్చు అనేవాళ్లూ, అది పెంచి చెప్పిన మాట అనేవాళ్లూ ఇద్దరూ ఈ పొలాన్నే చూపిస్తారు. ఎందుకంటే ఇక్కడ మట్టి తీసి కొలిచారు. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన జేసన్ రౌంట్రీ బృందం ఆ కొలతలను 2020లో ప్రచురించింది. ఇరవై ఏళ్ల సగటున హెక్టారుకు ఏటా 2.29 టన్నుల కర్బనం నేలలో చేరిందని అందులో తేలింది. ఎకరా లెక్కన చూస్తే 930 కిలోల దాకా.

ఈ అంకెను నమ్మొచ్చు. కానీ అది మేపు ఒక్కదాని ఫలితం అనుకుని రాయలసీమకో పాలమూరుకో తెచ్చుకుంటే బోర్లా పడతాం. గాలిలో నుంచి గడ్డి లాగిన కర్బనం ఎంత, వేరే చోట పండి ఇక్కడికి చేరింది ఎంత అని విడదీసి చూడాలి. ఆ పని చేశాకే మన చేలో ఏం సాధ్యమో తెలుస్తుంది.

పొలం ఎలా నడుస్తుంది

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ ప్రాంతమంతా ఎరువుల మీద, గింజ దాణా మీద నడిచే పశుపోషణకు మారింది. ఈ పొలమూ అలాగే మారింది. 1995 నుంచి విల్ హ్యారిస్ దాన్ని దారి మళ్లించాడు. ముందు ఆవులకు గింజ దాణా ఆపాడు, ఆ తర్వాత రసాయన ఎరువులు, పురుగు మందులు ఆపాడు. ఆవుల మంద ఒక్కటే ఉన్నచోట క్రమంగా గొర్రెలు, మేకలు, పందులు, కోళ్లు, టర్కీలు, బాతులు చేరాయి. అధ్యయనం నాటికి విస్తీర్ణం దాదాపు 3,000 ఎకరాలు.

విస్తరించిన భూమిలో ఎక్కువ భాగం పంటలు వేసి వేసి సారం పోయిన పాత చేలే. అమెరికాలో వేరుశనగ ఎక్కువగా పండించే రాష్ట్రం జార్జియా. ఇసుక పాలు ఎక్కువై, దుక్కి మీద దుక్కి పడి, కోత తర్వాత నున్నగా మిగిలే చేను ఎలా ఉంటుందో అనంతపురం రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అలాంటి చేనులో మొదట దుక్కి మానేస్తారు. ఎండుగడ్డి చుట్టలు విప్పి నేల మీద పరిచి, ఆవులను అక్కడే ఉంచి మేపుతారు. తినగా మిగిలింది తొక్కుడు పడి నేలకు కప్పుగా మారుతుంది, దాని మీద పేడ, మూత్రం పడతాయి. తర్వాత ఏళ్ల తరబడి నిలిచే గడ్డి కుదురుకుంటుంది. అందులో ముఖ్యమైనది బెర్ముడా గడ్డి, అంటే మన గరికే. చలికాలంలో రై గడ్డి, క్లోవర్ తోడవుతాయి.

ఆవుల వెనక గొర్రెలు, మేకలు వస్తాయి. ఆవు ముట్టని కలుపు ఆకునూ పొద చిగురునూ అవి తింటాయి. ఆ వెనక కోళ్లు పేడను చెదరగొట్టి పురుగులు ఏరుకుంటాయి, రెట్ట వేస్తాయి. కబేళా కూడా పొలంలోనే ఉంది, అక్కడి వ్యర్థం కంపోస్టై తిరిగి చేలకే వెళ్తుంది. పశువు చచ్చినా దాని పోషకాలు గేటు దాటవు. చాలామంది ఈ పొలంలో కంచెలను, మందలను చూసి వెళ్తారు గానీ నేలను మార్చిన పనిలో ఈ కంపోస్టుకు పెద్ద వాటా ఉంది.

ఒకే పొలానికి రెండు లెక్కలు

2019లో క్వాంటిస్ అనే సంస్థ జనరల్ మిల్స్ నిధులతో ఇక్కడి గొడ్డు మాంసం లెక్క తీసింది. కిలో మాంసానికి మైనస్ 3.5 కిలోల కార్బన్ డయాక్సైడ్ అని వచ్చింది, అంటే విడుదల కంటే నిల్వే ఎక్కువ. పత్రికలన్నీ ఆ మైనస్ గుర్తునే పతాక శీర్షిక చేశాయి. ఏడాది తర్వాత రౌంట్రీ బృందం అన్ని జాతుల జంతువులనూ, వాటికి పెట్టే దాణానూ కలిపి లెక్కించింది. నేలలో చేరిన కర్బనం వల్ల పొలం మొత్తం ఉద్గారాల్లో 80 శాతం తగ్గిపోయింది, సాధారణ పారిశ్రామిక పద్ధతితో పోలిస్తే నికర ఉద్గారం 66 శాతం తక్కువ. కానీ సున్నా కిందికి దిగలేదు. అంతే ఆహారం పండించడానికి 2.5 రెట్లు భూమి కావాల్సి వచ్చింది.

రెండూ తప్పు కాదు. ఏ జంతువును లెక్కలో కలిపావు, ఏది వదిలావు అనే దాన్నిబట్టి జవాబు ఇంతగా మారుతుంది. అందుకే "మా పద్ధతి కార్బన్ నెగెటివ్" అని ఎవరైనా అంటే, ఏ గీత లోపల లెక్క వేశారని మొదట అడగాలి.

పద్ధతి విషయంలో ఇంకొకటి గమనించాలి. ఇక్కడ ఒకే చేనును ఇరవై ఏళ్లు వెంటాడి కొలవలేదు. మార్పు మొదలుపెట్టి వేర్వేరు ఏళ్లయిన చేలను ఒకేసారి కొలిచి, వాటిని కాలం వరసలో పేర్చారు. ఆ చేలన్నీ మొదట ఒకేలా ఉండేవన్న ఊహ మీద ఈ లెక్క నిలబడుతుంది. శాస్త్రంలో ఒప్పుకునే పద్ధతే, కానీ ఒక చేను మొదట్నుంచీ కొంచెం మెరుగ్గా ఉండి ఉంటే ఆ తేడా కూడా మేపు ఖాతాలోనే పడుతుంది.

పక్కన పెట్టి చూసుకోదగ్గవి ఇంకో మూడున్నాయి. 2015లో అచ్చయిన ఒక జార్జియా అధ్యయనం, పంట చేను నుంచి పాడి ఆవుల మేతగా మారిన భూముల్లో ఏటా హెక్టారుకు 8 టన్నుల దాకా చూపింది. అవి నీటి పారుదల, నత్రజని ఎరువు ఉన్న పొలాలు. మిషిగన్‌లో 2018 నాటి అధ్యయనంలో నాలుగేళ్ల సగటు 3.59 టన్నులు. 2021లో అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో కంచెకు ఇటూ అటూ ఉన్న పొలాలను జతలుగా కొలిస్తే, మంద తిప్పి మేపిన పొలంలో మీటరు లోతు దాకా 13 శాతం కర్బనం ఎక్కువ ఉంది, అంటే హెక్టారుకు 9 టన్నుల తేడా. ఈ చివరిది పాత మేత భూమికీ మెరుగైన మేత భూమికీ మధ్య తేడా కాబట్టి అంకె చిన్నదిగా కనిపిస్తుంది. బాగా చితికిన పంట చేను నుంచి మొదలుపెడితే తొలి ఏళ్లలో వేగం ఎక్కువ, నేల నిండేకొద్దీ వేగం తగ్గుతుంది. మొదటి నాలుగేళ్ల వేగాన్ని ముప్పై ఏళ్లకు గుణించి కాగితం నింపేవాళ్లతో జాగ్రత్తగా ఉండాలి.

మన దగ్గరి కొలత ఒకటి చెప్పాలి. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో 1976లో మొదలైన నల్లరేగడి ప్రయోగంలో, 24 ఏళ్ల తర్వాత మెరుగైన పంట పద్ధతి ఉన్న మడిలో పాత పద్ధతి కంటే 120 సెంటీమీటర్ల లోతుకు 7.3 టన్నుల కర్బనం ఎక్కువ తేలింది. ఏడాదికి హెక్టారుకు 0.3 టన్ను. అది మేపు కాదు, పంటల పద్ధతి. అయినా ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండిపోయే నేలలో ఓపికగా ఇరవై నాలుగేళ్లు చేస్తే వచ్చిన వేగం ఇదని మనసులో పెట్టుకుంటే లెక్క అదుపులో ఉంటుంది. బ్లఫ్టన్‌లో ఏటా 1,300 మిల్లీమీటర్ల దాకా వాన, అదీ ఏడాది పొడుగునా. అనంతపురంలో సుమారు 550, అదీ కొన్ని నెలల్లోనే.

కర్బనం ఎక్కడి నుంచి వచ్చింది

నేలలో నిలకడగా ఉండే సేంద్రియ పదార్థంలో ప్రతి 10 నుంచి 12 పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని ఉంటుంది. కాబట్టి 2.29 టన్నుల కర్బనం నిలవాలంటే ఏటా హెక్టారుకు 190 నుంచి 230 కిలోల నత్రజని కూడా నేలలో నిలవాలి. రసాయన ఎరువు లేని పొలంలో అది ఎక్కడి నుంచి వస్తుంది? కొంత క్లోవర్ లాంటి పప్పుజాతి మొక్కల వేళ్ల నుంచి. మిగతాదాంట్లో పెద్ద వాటా కోళ్లకు, పందులకు కొని తెచ్చే దాణా నుంచి, పరిచిన ఎండుగడ్డి నుంచి, కంపోస్టు నుంచి. దాణా వేరే చేలో పండింది. అక్కడి నేల నుంచి తీసిన పోషకం కోడి కడుపు గుండా ఇక్కడికి చేరింది.

ఈ సంగతి మనకు కొత్తేమీ కాదు. వేసవిలో చేలో గొర్రెల మంద కట్టించడం తెలుగు నేల మీద తరతరాల పద్ధతి. మంద పగలంతా గుట్టల్లో, బీళ్లలో మేసి రాత్రి చేలో పడుకుంటుంది. పెంటికలు, మూత్రం చేనుకు దక్కుతాయి, కాపరికి డబ్బో గింజలో ముడతాయి. చేనుకు ఇది చాలా మేలు. కానీ కర్బనం లెక్కలో చూస్తే అది బీడు నుంచి చేనుకు మారిన కర్బనం. చేలో పెరిగినంత బీడులో తరిగితే వాతావరణానికి ఒరిగింది లేదు. మార్పిడినీ నిల్వనూ ఒకే గంపలో వేయకూడదు. ప్రాజెక్టు కాగితాల్లో చేనుకు మాత్రమే హద్దు గీసి, మేపిన బీడును వదిలేస్తే ఆ లెక్క చెల్లదని నా గట్టి అభిప్రాయం.

చేలోనే పెరిగిన గడ్డిని చేలోనే మేపి, వేళ్లను పెరగనిస్తే వచ్చేది అసలు నిల్వ. పశువు గాలి నుంచి కర్బనం తేదు, ఆ పని ఆకుదే. పశువు చేసేది ఆకును ఎప్పుడు కోయాలో, ఎంత వదలాలో నిర్ణయించడం, తిన్నదాంట్లో కొంత నేల మీద వేయడం. సగం దాకా ఆకు పోతే గడ్డి వేరు పెద్దగా ఆగదు. 80 శాతం మేసేస్తే వేరు పెరుగుదల పది పన్నెండు రోజులు పూర్తిగా నిలిచిపోతుందని అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త క్రైడర్ 1955లోనే చూపాడు. సగం మేపు, సగం వదులు అనే సూత్రం అక్కడి నుంచి వచ్చింది.

పదెకరాల ఎర్రచేనులో అమలు

బ్లఫ్టన్ నుంచి మనం తీసుకోవాల్సినవి మూడు: దుక్కి ఆపడం, తక్కువ సేపు మేపి ఎక్కువ విశ్రాంతి ఇవ్వడం, నత్రజనికి పప్పుజాతి మొక్క. కోళ్ల దాణా మీద నడిచే భాగాన్ని పక్కన పెట్టొచ్చు.

వేరుశనగ ఏటా వేసిన చేలో మొక్కను వేరుతో సహా పీకేస్తాం, కట్టె మొత్తం ఇంటికి తోలుతాం. నేలకు తిరిగి ఇచ్చేది దాదాపు ఏమీ ఉండదు. అలాంటి చేలో తొలకరికి అంజన్ గడ్డి, పప్పుజాతి మేత మొక్క స్టైలో కలిపి వేయాలి. అంజన్ గడ్డి విత్తనం చాలా తేలిక, గాలికి ఎగిరిపోతుంది. తడి మట్టితో, పేడతో ఉండలు చేసి చల్లితే నిలుస్తుంది. లోతుగా పడితే మొలవదు, ఒక సెంటీమీటరు మించొద్దు. స్టైలో గింజ పొర గట్టిది. బాగా వేడి నీళ్లలో కొద్ది నిమిషాలు ఉంచి, చల్లటి నీళ్లలో కడిగి ఆరబెట్టాక వేస్తేనే మొలక సమంగా వస్తుంది. మొదటి ఏడాది మేపొద్దు. గింజ రాలాక, చలికాలంలో ఒక్కసారి తేలిగ్గా తిప్పొచ్చు. ఈ ఒక్క ఏడాది ఆగలేక పాడు చేసుకున్న చేలే ఎక్కువ.

మేత ఎంత ఉందో కంటితో చూసి చెప్పే అలవాటు మానుకోవాలి. మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న చట్రం చేనులో పది చోట్ల వేసి, అందులోని గడ్డి కోసి, ఎండబెట్టి తూచాలి. చదరపు మీటరుకు 150 గ్రాములు వస్తే హెక్టారుకు 1,500 కిలోల ఎండు మేత. సగం వదిలితే మేపడానికి మిగిలింది 750 కిలోలు. ముప్పై కిలోల గొర్రె రోజుకు కిలో ఎండు మేత తింటుంది. 75 గొర్రెల మందకు రోజుకు 75 కిలోలు, అంటే 1,000 చదరపు మీటర్లు, సుమారు 25 సెంట్లు. పదెకరాల చుట్టు తిరగడానికి 40 రోజులు పడుతుంది. వానాకాలంలో గడ్డి తిరిగి నిండడానికి ఆ 40 రోజులు సరిపోతాయి. అదే మంద వంద గొర్రెలైతే 30 రోజులకే మొదటి ముక్కకు తిరిగొస్తారు. గడ్డి ఇంకా వేళ్ల నిల్వ మీద బతుకుతుంటుంది, అప్పుడు మేస్తే దుబ్బు చచ్చిపోతుంది. చట్రంలో 100 గ్రాములే వస్తే మంద 50కి తగ్గాలి. మందను తగ్గించలేకపోతే అంతమేరకు చొప్ప, వేరుశనగ కట్టె పెట్టాలి.

ఒక ముక్కలో మూడు రోజులు మించి ఉంచొద్దు. వానాకాలంలో నాలుగో రోజుకల్లా కొరికిన చోట కొత్త చిగురు వస్తుంది, గొర్రె ముందు దాన్నే వెతుక్కుంటుంది. డిసెంబరు తర్వాత గడ్డి పెరగదు కాబట్టి విశ్రాంతి రోజుల లెక్కకు అర్థం లేదు. అప్పుడు చేనంతా ఒక్కసారి మేపి, నేల కనిపించకుండా కప్పు వదిలి, వానలు పడి గడ్డి జానెడు లేచేదాకా మందను చేలో అడుగు పెట్టనివ్వకూడదు. రైతుకు అన్నిటికన్నా కష్టమైన నెల జూన్. పచ్చదనం కనిపిస్తుంది, మంద ఆకలితో ఉంటుంది. ఆ మూడు నాలుగు వారాలకు సరిపడా చొప్ప ముందే దాచిపెట్టుకోకపోతే ఏడాది పని ఆ నెలలో పోతుంది.

రాత్రి దొడ్డి విషయం చాలామంది వదిలేస్తారు. పెంటికలు, మూత్రంలో సగం దాకా రాత్రిపూటే పడతాయి. దొడ్డి ఒకే చోట ఉంటే చేనులోని పోషకమంతా ఆ మూలకు పోగవుతుంది. 75 గొర్రెలకు 100 చదరపు మీటర్లు చాలు, అంటే రెండున్నర సెంట్లు. వలతో తడికలతో ప్రతి రాత్రీ జరుపుకుంటూ పోతే పదెకరాలు 400 రాత్రుల్లో ఒక చుట్టు పూర్తవుతాయి. నీళ్ల తొట్టి కూడా మందతోపాటు కదలాలి. ఒకే తొట్టి ఉంటే దాని దారి పొడుగునా నేల బోసిపోయి, మొదటి పెద్ద వానకు అక్కడే వాగు కడుతుంది.

ఏవి చెడతాయి

సోలార్ ఎనర్జైజర్ (తీగకు ఆగి ఆగి కరెంటు పంపే పెట్టె) కంచె వేసిన చోట మొదటి ఫిర్యాదు "షాక్ తగలట్లేదు" అని. కారణం చాలాసార్లు ఎర్త్. కరెంటు గొర్రె ఒంట్లో నుంచి నేలలోకి దిగి ఎర్త్ రాడ్‌కు తిరిగి చేరాలి. ఏప్రిల్‌లో ఎర్రనేల ఎండి గట్టిపడితే ఆ దారి మూసుకుపోతుంది. మీటరు మించిన రాడ్లు మూడు, మూడేసి మీటర్ల దూరంలో దింపి, చుట్టూ నీళ్లు పోయాలి. అదీ చాలకపోతే పై తీగ కరెంటు, కింద తీగ ఎర్త్ అయ్యేలా కలపాలి. అప్పుడు రెండు తీగలనూ తాకితే చాలు, నేలతో పని లేదు. కంచె మీద 4,000 వోల్టులు తగ్గితే గొర్రె లెక్కచేయదు. దక్కనీ గొర్రె ఉన్ని మీద షాక్ పనిచేయదు, ముక్కుకు తగిలే ఎత్తులో తీగ ఉండాలి. నెల్లూరు జాతికి ఈ ఇబ్బంది తక్కువ. ఇంటి కరెంటును నేరుగా తీగకు ఇవ్వడం నేరం, మనుషులు చచ్చిపోతారు. అడవి పందుల కోసం అలా చేసే చోట్ల ఈ మాట పదేపదే చెప్పాలి. మంచి కాపరి ఉంటే కంచె అక్కర్లేదు కూడా. గొల్ల, కురుమ కాపరులు మందను పావు ఎకరంలో పట్టి ఉంచగలరు, హద్దుకు నాలుగు కొయ్యలు చాలు.

మేపు కోసం నవధాన్యాలు చల్లేవాళ్లు జొన్న విషయంలో జాగ్రత్తపడాలి. లేత జొన్నకు, ముఖ్యంగా బెట్టకు వాడి తర్వాత చినుకుకు లేచిన పిలకకు నాము, అంటే సైనైడ్ విషం ఉంటుంది. ఆకలి మీదున్న మంద దాంట్లో పడితే గంటలో చచ్చిపోతాయి. పూత దశ దాకా ఆగాలి, లేదంటే ఆ మిశ్రమంలో జొన్న మానేసి సజ్జ పెంచాలి. తొలకరి పచ్చి మేతతో చిటుక రోగం వస్తుంది, వానలకు ముందే టీకా వేయించాలి. 40 రోజుల విశ్రాంతి వల్ల కడుపులో పురుగుల బెడద కొంత తగ్గుతుంది గానీ వానాకాలపు తడిలో పూర్తిగా పోదు. పేడ పరీక్ష చేయించి మందు వేయడమే సరైన పద్ధతి.

వయ్యారిభామను గొర్రె తినదు. విశ్రాంతి ఇచ్చిన ముక్కలో అది ముందు లేస్తే, పూతకు రాకముందే పీకించక తప్పదు. నల్లరేగడిలో అయితే వాన పడిన రోజు మందను దింపొద్దు. గిట్టల కింద మట్టి పిసికినట్టయి గాలి సందులు మూసుకుపోతాయి, ఆ దెబ్బ ఆ ఏడాది మానదు.

మీథేన్ పక్క

గొర్రె ఏడాదికి సుమారు 5 కిలోల మీథేన్ వదులుతుందని ఐపీసీసీ ప్రామాణిక అంకె. 75 గొర్రెలకు 375 కిలోలు. మీథేన్ వేడి పెంచే శక్తి కార్బన్ డయాక్సైడ్‌కు 27 రెట్లు కాబట్టి 27తో గుణిస్తే 10 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. పదెకరాలు నాలుగు హెక్టార్లు. ఏటా 0.3 టన్ను చొప్పున చేరితే 1.2 టన్నుల కర్బనం, దాన్ని కార్బన్ డయాక్సైడ్‌గా మార్చడానికి 44ను 12తో భాగించిన నిష్పత్తితో గుణిస్తే 4.4 టన్నులు. అంటే ఈ మంద మీథేన్‌లో సగం కూడా రద్దు కాదు. మంద ముందే ఉండి, దాన్ని బీడు నుంచి ఈ చేనుకు మళ్లిస్తే ఆ మీథేన్ కొత్తది కాదు. కార్బన్ కోసమని కొత్త మంద కొంటే మాత్రం అది కొత్త ఉద్గారమే. తెలంగాణలో 190 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో 176 లక్షల గొర్రెలున్నాయని 2019 పశుగణన చెప్పింది. ఉన్న మందలను సరిగా తిప్పడంలోనే మన లాభం ఉంది.

కొలత

ఇక్కడే ఎక్కువ లెక్కలు కూలిపోతాయి. సూత్రం తేలికే: కర్బనం శాతం, మట్టి సాంద్రత, లోతు సెంటీమీటర్లలో. మూడూ గుణిస్తే హెక్టారుకు టన్నులు. ఎర్రచేనులో 0.45 శాతం కర్బనం, 1.55 సాంద్రత, 30 సెంటీమీటర్ల లోతు అనుకుంటే 20.9 టన్నులు.

ఇప్పుడు మందను ఒకేచోట తిప్పి తిప్పి నేలను గట్టిపరిచామనుకుందాం. కర్బనం శాతం మారలేదు, సాంద్రత 1.65 అయింది. అదే సూత్రం 22.3 టన్నులు చూపిస్తుంది. నేల చెడింది, కాగితం మీద 1.35 టన్నులు పెరిగింది! కారణం, గట్టిపడిన నేలలో 30 సెంటీమీటర్లకు ఎక్కువ మట్టి పడుతుంది. నేల గుల్లబారితే దీనికి విరుద్ధంగా, నిజంగా పెరిగిన కర్బనమే తక్కువగా కనిపిస్తుంది. అందుకే రెండోసారి కొలిచేటప్పుడు లోతును కాకుండా మట్టి బరువును సమానం చేసి పోల్చాలి. మొదటిసారి హెక్టారుకు 4,650 టన్నుల మట్టిలో ఎంత ఉందో కొలిస్తే, రెండోసారీ అంతే మట్టిలో చూడాలి. దీనికోసం 30 సెంటీమీటర్ల కింద ఇంకో పొర శాంపిల్ కూడా తీసి ఉంచుకోవాలి.

సాంద్రతకు ఐదు సెంటీమీటర్ల వ్యాసం, ఐదు సెంటీమీటర్ల ఎత్తున్న ఇనుప రింగు చాలు, దాని ఘనపరిమాణం 98 ఘన సెంటీమీటర్లు. మట్టి నిండా దింపి, అంచులు కత్తితో చదును చేసి, 105 డిగ్రీల దగ్గర ఒక రోజు ఆరబెట్టి తూచాలి. ఎర్రనేలలో రాళ్లు మరవొద్దు. రెండు మిల్లీమీటర్ల జల్లెడలో నిలిచింది తూచి తీసేయాలి. బరువులో పావు వంతు రాయి ఉన్న చేలో, దాన్ని తీయకపోతే 15.7 టన్నులున్న చోట 20.9 అని రాసుకుంటాం.

మన ల్యాబుల్లో ఎక్కువగా చేసేది వాక్లీ-బ్లాక్ పద్ధతి. అది మొత్తం కర్బనాన్ని కాల్చదు, సగటున 77 శాతం దొరుకుతుందని 1.3తో గుణిస్తారు. సాధారణ భూసార కార్డుకు అది సరే. నిల్వ లెక్కకు మట్టిని పూర్తిగా మండించి కొలిచే యంత్రం ఉన్న ల్యాబు మేలు. కానీ నల్లరేగడిలో సున్నపు గడ్డలుంటే యంత్రం ఆ సున్నంలోని కర్బనాన్నీ కలిపేస్తుంది. ముందు ఆమ్లంతో సున్నాన్ని తీయించాలి. మొదటిసారి ఒక పద్ధతి, ఐదేళ్లకు ఇంకో పద్ధతి వాడితే ఆ రెండు అంకెలనూ పోల్చనే కూడదు.

ఎన్ని చోట్ల తీయాలి? ఒకే చేనులో చోటుకూ చోటుకూ పావు వంతు తేడా ఉండటం మామూలు. 20.9 టన్నుల సగటున్న చేనులో 16 చోట్ల తీస్తే, రెండు కొలతల మధ్య 3.7 టన్నుల లోపు తేడాను నిజమైన మార్పు అని చెప్పలేం. ఏటా 0.3 టన్ను చేరే చేనులో అది పన్నెండేళ్ల మాట. కాబట్టి ఏటా ల్యాబుకు పరుగెత్తడం డబ్బు దండగ. మొదలుపెట్టకముందు ఒకసారి, తర్వాత ఐదేళ్లకోసారి తీస్తే చాలు. జీపీఎస్‌లో గుర్తు పెట్టుకుని అవే చోట్లకు వెళ్తే తేడా కొంత చిన్నదైనా పట్టుబడుతుంది. చెట్టు నీడ, నీళ్ల తొట్టి, గేటు దగ్గర తీయొద్దు. ప్రతిసారీ ఒకే నెలలో, నేల కొద్దిగా తేమగా ఉన్నప్పుడు తీయాలి.

పదెకరాల రైతు ఒంటరిగా కార్బన్ క్రెడిట్ల కోసం దిగడం నా లెక్కలో లాభం కాదు. ఏటా నాలుగు టన్నుల పైచిలుకు కోసం శాంపిళ్ల ఖర్చు, తనిఖీ ఖర్చు పెట్టి, పదుల ఏళ్లు దుక్కి చేయనని సంతకం చేయాలి. ఒక్కసారి ట్రాక్టరుతో దున్నితే చేరిన దాంట్లో కొంత మళ్లీ గాలిలో కలుస్తుంది. కార్బన్ క్రెడిట్లను నమోదు చేసే వెర్రా సంస్థ వీఎం0042 పద్ధతిలో చేరాలనుకునే రైతు ఉత్పత్తిదారుల సంఘాలైతే గుంపుగా, వందల ఎకరాలతో వెళ్లాలి. బీడులో మేసే రోజులను కూడా లెక్కలో చూపాలి. క్రెడిట్ రాకపోయినా వాన నీరు ఇంకడం, ఎండాకాలం మేత, చేతికందే గొర్రె బరువు రైతుకు నేరుగా దక్కుతాయి. వీటిని కొలవడం చౌక కూడా. అడుగులేని ఇనుప గొట్టం నేలలో దింపి, లీటరు నీళ్లు పోసి, ఇంకడానికి పట్టిన నిమిషాలు రాసుకుంటే రెండేళ్లలోనే మార్పు కనిపిస్తుంది.

మొదటి శాంపిళ్లలో ప్రతిదాని నుంచి అరకిలో మట్టి ఆరబెట్టి, గాలి చొరని డబ్బాలో, చేను పేరు, లోతు, తేదీ, జీపీఎస్ అంకె పెన్సిల్‌తో రాసిన చీటీ లోపల వేసి దాచాలి. ఇంకు చెదిరిపోతుంది, పెన్సిల్ నిలుస్తుంది. ఐదేళ్ల తర్వాత కొత్త శాంపిళ్లతోపాటు ఆ పాత మట్టినీ ఒకే ల్యాబుకు, ఒకే రోజు పంపాలి. పాత మట్టికి అప్పటి అంకె మళ్లీ రాకపోతే తేడా ల్యాబులో ఉన్నట్టు. అప్పుడు పాత రిపోర్టును పక్కన పెట్టి, ఆ రోజు వచ్చిన రెండు అంకెలనే పోల్చాలి.